చిన్న లారీకి డీజిలు యంత్రము నమర్చుట

గత వేసవి సెలవులకు ముందు మా పదియవ తరగతి విద్యార్థి యొకడు, భౌతికశాస్త్ర పాఠము ముగిసిన పిమ్మట, మమ్ము సమీపించి "మాస్టరుగారూ, ఆయిలింజను తీసి వ్యానులో పెట్టవచ్చునాండీ?" అని యడిగెను. విచారింపగా తెలిసినదేమనగా, వాని మేనమామకు పాత పెట్రోలు వ్యాను ఒకటి కలదు. దాని యంత్రము పూర్తిగా చెడి, బండి పెరటిలో పడియున్నది. వాని తాతగారి నూతిగట్టున, కరెంటు మోటారు వచ్చినది మొదలు, 5 గుఱ్ఱపు శక్తి గల ఆయిలింజను రేకుక్రింద ఊరక కూర్చుండియున్నది. అమెరికాలో ఎవరో శీతల లారీనుండి ఊడదీసిన డీజిలు యంత్రమును చిన్న పికప్పు లారీలో బిగించి నడపుచుండగా తీసిన చిత్రమును వాడు సెల్‌ఫోనులో చూచెనట. సెలవులలో మేనమామయు తానును ఆ పనికి పూనుకొందురని వాని యుద్దేశము. నాడు పది నిమిషములలో చెప్పజాలని సమాధానమును, అట్టి పిల్లలకొఱకును, అట్టి పిల్లలు ఇంటగల తల్లిదండ్రులకొఱకును, ఇచ్చట వివరముగా వ్రాయుచున్నాము.

యంత్రము మార్చుట యనగా ఒకదానిని తీసి ఆ చోట మఱియొకదానిని కూర్చుండబెట్టుటయే యని పెక్కండ్రు తలంతురు. అది ఈ పనిలో కంటికి కనబడు భాగము మాత్రమే. పాత యంత్రము చక్రములను త్రిప్పుటతో తృప్తి నొందక, ఎవరును అడుగకయే మఱికొన్ని పనులు చేయుచుండెడిది. అది పోయినప్పుడు ఆ పనులును పోవును. వానినన్నిటిని ముందుగా లెక్కించి, ఒక్కొక్కదానికి వేఱు ఏర్పాటు చేయనియెడల బండి కదలును గాని నిలువదు.

మొదట రెండు యంత్రములకు గల భేదమును తెలిసికొందము. పెట్రోలు యంత్రములో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి సిలిండరులోనికి పోవును. నిప్పురవ్వ వానిని మండించును. డీజిలు యంత్రములో గాలి మాత్రమే లోనికి పోవును. పిస్టను ఆ గాలిని ఇరువదవ వంతునకు, కొన్నింటిలో అంతకంటె తక్కువకు, అణచివేయగా అది మిక్కిలి వేడెక్కును. అప్పుడు చిమ్మబడిన నూనె ఆ వేడిమికే అంటుకొనును. సైకిలు పంపుతో వేగముగా గాలి కొట్టి దాని అడుగు భాగమును తాకిన పిల్లవానికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897వ సంవత్సరమున ఆగ్స్‌బర్గు నగరమున తన యంత్రమును తృప్తికరముగా నడపి చూపెను. నూనెలోని శక్తిలో నాలుగవ వంతునకు మించి పనిగా మార్చుట ఆ కాలమున గొప్ప వింత. ఆవిరి యంత్రములు అందులో సగమైనను చేయుట అరుదు.

వేఱొక పనికి చేయబడిన డీజిలు యంత్రమును రోడ్డుబండిలో పెట్టుట యను ఆలోచన నేటిది కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రమున కొలంబసు పట్టణమందు క్లెస్సీ కమిన్స్ అనునతడు 1919లో డీజిలు యంత్రముల కర్మాగారమును స్థాపించెను. పది సంవత్సరములు గడచినను లాభము కానరాలేదు. పెట్టుబడి పెట్టిన ఇర్విను అను బ్యాంకరునకు ఓర్పు నశించుచుండెను. అప్పుడు కమిన్సు, పడవలలో వాడెడి నాలుగు సిలిండర్ల యంత్రమొకదానిని, పాత ప్యాకర్డు కారులో అమర్చి, 1929వ సంవత్సరము క్రిస్మసు నాడు ఇర్విను గారిని అందులో కూర్చుండబెట్టి త్రిప్పెను. మఱునెలలో అదే కారును న్యూయార్కు వఱకు, ఇంచుమించు 800 మైళ్లు, నడపగా నూనెకు అయిన వ్యయము ఒక డాలరు 38 సెంట్లు మాత్రమే. కర్మాగారము నిలిచినది. 1931లో ఆయన డీజిలు యంత్రముతో నడచిన పందెపు కారు ఇండియానాపొలిసు 500 మైళ్ల పందెమును ఎక్కడను నూనెకైన ఆగక పూర్తిచేసి పదుమూడవదిగా వచ్చెను. గెలుపు గాకపోయినను, ఆగకుండ అంతదూరము పోయిన మొదటి బండి అదియే.

ఇక మన విద్యార్థి చూచిన చిత్రములోని సంగతి. 1980 మొదలు కొన్ని సంవత్సరములు అమెరికాలో ఫోక్స్‌వాగను, ఇసుజు, టొయోటా, ఫోర్డు మొదలగు కంపెనీల చిన్న పికప్పు లారీలు డీజిలు యంత్రములతోనే దొరకుచుండెను. 1986లో నూనె ధర పడిపోగా వానిని కొనువారు కరవైరి. కంపెనీలు ఒక్కొక్కటిగా మానివేసెను. అటుపిమ్మట చిన్న లారీయు, తక్కువ నూనెతో చాలకాలము మన్నెడి యంత్రమును కోరువారు తామే కూర్చుకొనవలసి వచ్చెను. యంత్రములకు కొదవ లేదు. పండ్లు, మాంసము మోసెడి శీతల లారీల పెట్టెలకు ముందుభాగమున చల్లదనము పుట్టించు యంత్రము వేఱుగ నుండును. క్యారియరు కంపెనీవారి అట్టి యంత్రములలో పెక్కింట జపానుదేశపు కుబోటా డీజిలు కలదు. పెట్టె పాతబడినను లోపలి యంత్రము ఇంకను పనిచేయుచుండును గనుక అది పాతసామానుల యంగడికి చేరును.

అందులో ఒకదానిని ఉదాహరణగా తీసికొందము. కుబోటా వి 2203 అనునది నాలుగు సిలిండర్లు, సుమారు 2.2 లీటర్ల యంత్రము. నిమిషమునకు 2,800 చుట్లు తిరుగునప్పుడు సుమారు 48 గుఱ్ఱపు శక్తి నిచ్చును. దానికి చోటిచ్చిన పాత పెట్రోలు యంత్రమో 100 గుఱ్ఱముల ప్రాంతమున నిచ్చుచు, 5,000 చుట్ల వఱకు పోగలిగెడిది. ఇక్కడనే మొదటి లెక్క వచ్చుచున్నది. పలకయు బలపమును తీసికొనుడు.

టైరు అడ్డుకొలత 66 సెంటీమీటర్లు అనుకొందము. అది ఒకసారి తిరిగిన బండి 2.07 మీటర్లు పోవును. వెనుక ఇరుసులోని పండ్లచక్రముల నిష్పత్తి 4.10 అయినచో, నేరుగేరులో యంత్రము 4.10 చుట్లు తిరిగిన చక్రమొకటి తిరుగును. పెట్రోలు యంత్రము 5,000 చుట్లు తిరుగగా గంటకు 151 కిలోమీటర్ల వేగము లెక్కకు వచ్చును. కొత్త యంత్రము 2,800కు మించదు గనుక 85 కిలోమీటర్ల వద్ద ఆగిపోవును. ఇరుసును 3.73 నిష్పత్తిదానిగా మార్చి, 0.80 నిష్పత్తిగల అయిదవ గేరు వాడినచో వేగము 116 వఱకు లేచును. కావున గేరుపెట్టెయు ఇరుసును ఏవియో తెలియకుండ యంత్రమును కొనువాడు, కాలి కొలత తీయక చెప్పులు కొన్నవానితో సమానుడు.

అయితే వేగము లెక్కలో వచ్చినంతమాత్రమున రోడ్డుపై వచ్చునని తలపరాదు. 1,400 కిలోల బరువుగల చిన్న లారీ చదునైన రోడ్డుపై గంటకు 90 కిలోమీటర్లు పోవుటకు గాలి అడ్డును, టైర్ల రాపిడిని జయింప సుమారు 17 గుఱ్ఱముల శక్తి చాలును. 110కి 27 వలయును. రోడ్డు ఇరువదింటికొకటి చొప్పున ఎక్కుచున్నప్పుడు 90 వేగమునకే 40 కావలయును. మన యంత్రపు 48లో గేర్లలోను ఇరుసులోను కొంత నష్టముకాగా చక్రమునకు చేరునది 40 లేక 41. అనగా ఆ ఎక్కుడును సరిగా ఎక్కును, అదియు అయిదవ గేరు విడచి నాలుగవదానికి దిగినపుడు మాత్రమే. దానికంటె చిన్నదైన 35 గుఱ్ఱముల యంత్రమయినచో, గేరు ఎంత చక్కగా కుదిరినను అదే ఎక్కుడులో 75 దాటదు. చదును నేలపై ఇల్లు చుట్టి వచ్చి "బాగున్నది" అనుకొనిన వారు కొండదారిలో వెనుక లారీవాని హారను విని కాని ఈ లెక్క నేర్చుకొనరు.

రెండవది అతుకు. పాత గేరుపెట్టెకు కొత్త యంత్రము నేరుగా అతుకదు. మరల రంధ్రములు కలియవు. నడుమ దళసరి లోహపు పలకను కోయించి వేయుదురు. ఇందు లేతు పనివాని నైపుణ్యమే ప్రధానము. యంత్రపు క్రాంకు ఇరుసును, గేరుపెట్టె లోనికి పోవు ఇరుసును ఒకే సరళరేఖలో నుండవలెను. వాని కేంద్రములకు గల తేడాను డయలు గేజితో చూచునపుడు సూది కదలిక మొత్తము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతునకు మించరాదని పనివారు పాటించు కొలత. కంటికి ఆ తేడా కానరాదు, చెవికి వినరాదు. కొన్ని వేల మైళ్లు పోయిన పిదప క్లచ్చు మధ్యభాగము చిట్లి, గేరుపెట్టె ముందు బేరింగు అరిగిపోవును. అప్పుడు నేరము గేరుపెట్టెమీద మోపబడును. రేఖాగణితము ఎందుకండీ యని అడుగు పిల్లలు ఏటేటను ఉందురు. వారు ఒకసారి ఈ పలకను బిగించునపుడు చూడవలెను.

కొన్ని సంగతులను వేగముగా దాటెదము. డీజిలు పంపు మిగిలిన నూనెను తొట్టికి తిరిగి పంపును గనుక తిరుగు గొట్టము కావలెను. తొట్టిలోని పెట్రోలు చుక్క మిగులక కడుగవలెను. యంత్రపు క్రింది నూనెచట్టి ముందు ఇరుసు అడ్డుదూలమునకు తగులకుండ చూడవలెను. చుట్లు చూపు గడియారము పెట్రోలు యంత్రపు నిప్పురవ్వలను లెక్కించి చూపెడిది. ఇందు రవ్వలే లేవు గనుక ముల్లు లేవదు. పంకా విషయమున మాత్రము ఒక మాట. ఒకచోట నిలిచి పనిచేయు యంత్రములలో పెక్కింటి పంకా గాలిని రేడియేటరు గుండ బయటికి నెట్టును. పరుగెత్తు బండిలో ఎదురుగాలి ముందునుండి లోనికి వచ్చును. రెండు గాలులును రేడియేటరునొద్ద ఎదురెదురుగా పోరాడగా నీరు మరగును. పంకాను మార్చువఱకు, ఎంత మంచి రేడియేటరు కొన్నను ఫలితముండదు.

గవర్నరు అను భాగమును గూర్చి తెలిసికొనుట అవసరము. పొలములోని యంత్రమునకు యజమాని ఒక వేగము నిర్ణయించి వెడలిపోవును. భారము పెరిగి వేగము తగ్గబోవగా, లోపల తిరుగుచున్న చిన్న గుండ్లు దగ్గఱకు చేరి నూనెను పెంచును. భారము తగ్గి వేగము హెచ్చబోవగా, అవి దూరముగా జరిగి నూనెను తగ్గించును. శీతల లారీలోని యంత్రమును ఇట్లే తనకు నియమింపబడిన వేగమును కాపాడుచు రాత్రియెల్ల నడచును. దానిని పికప్పులో పెట్టి పెడలును గవర్నరు మీటకు కట్టినపుడు, మన కాలు ఇంత నూనె పోయుమని చెప్పదు, ఇంత వేగముతో తిరుగుమని చెప్పును. ఎక్కుడు రాగానే కాలు కదల్చకుండగనే యంత్రము తనంతట బిగువు తెచ్చుకొనును. పెట్రోలు బండికి అలవాటుపడిన కాలికి ఇది మొదట విపరీతముగా తోచును. కాని కొద్దిదినములలో ప్రియమగును.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైనదానికి వచ్చితిమి; ఆ విద్యార్థిని పదేపదే అడిగినదియు దీనినిగూర్చియే. పెట్రోలు యంత్రములో గాలి పోవు మార్గమున ఒక తలుపు కలదు. పెడలు వదలినప్పుడు అది మూసికొనును. పిస్టనులు గాలిని పీల్చుచున్నను లోనికి రానియ్యదు గనుక ఆ గొట్టములో వాయుపీడనము మిక్కిలి తగ్గును; దాదాపు శూన్యము పుట్టుననవచ్చును. ఇంజక్షను సిరంజి మూతిని వ్రేలితో మూసి పిడిని వెనుకకు లాగిన ఎట్టి పట్టు తెలియునో అట్టిదే. బండిని కట్టినవారు ఆ శూన్యమును ఊరక పోనీయక, గొట్టముతో తెచ్చి బ్రేకు పెడలు ముందున్న గుండ్రని డబ్బాకు ఇచ్చిరి. డబ్బా నడుమ రబ్బరు పొర కలదు. బ్రేకు త్రొక్కినపుడు పొరకు ఒకవైపు శూన్యముండగా, రెండవవైపునకు బయటి గాలి వచ్చి దానిని నెట్టును.

ఆ నెట్టు ఎంత? పొర అడ్డుకొలత 23 సెంటీమీటర్లు అయినచో వైశాల్యము 415 చదరపు సెంటీమీటర్లు. రెండువైపుల పీడనములకు భేదము చదరపు సెంటీమీటరునకు 0.69 కిలో అనుకొన్నచో, మొత్తము 286 కిలోల బలము. అనగా బలమైన మనుష్యులు నలుగురు మన పాదమునకు తోడుగా పెడలుమీద నిలిచినట్లు. గాలి ఇంత పని చేయుచున్నదని బండి నడపువానికి స్ఫురింపనే స్ఫురింపదు.

డీజిలు యంత్రమునకు ఆ తలుపు లేదు. దాని బలమును నూనెకొలతతోనే తగ్గింతురు గాని గాలిని మూసి కాదు. కాబట్టి దాని గాలిగొట్టములో చెప్పుకొనదగిన శూన్యము పుట్టదు. పాత గొట్టమును తెచ్చి కొత్త యంత్రమునకు శ్రద్ధగా బిగించినను డబ్బాకు ఏమియు అందదు. పెడలు రాతివలె గట్టిగా నుండును. ఖాళీ బండిని పెరటిలో మెల్లగా నడపునపుడు, కాలిబలము మాత్రముతోనే అది ఆగును గనుక లోపము బయటపడదు. బరువు వేసికొని వాలుదారిలో దిగునపుడు, రెండు పాదములతో త్రొక్కినను వేగము తగ్గనప్పుడు, బయటపడును. అప్పుడు బాగుచేయుటకు వేళ యుండదు.

దీనికి మందు కలదు. యంత్రము త్రిప్పెడి చిన్న శూన్యపు పంపును చేర్చవచ్చును. కంపెనీలు తాము తయారుచేయు డీజిలు కార్లలో అట్లే చేయుదురు. లేదా స్టీరింగు పంపు నూనెబలముతో పనిచేయు బ్రేకు సహాయకమును పెట్టవచ్చును. పంపు పెట్టినంతమాత్రమున నిశ్చింత పనికిరాదు. బెల్టు తెగినయెడల డబ్బాలో మిగిలిన శూన్యము ఒకటి రెండు త్రొక్కుడులకు వచ్చి ఆపైన అయిపోవును. మొదటి త్రొక్కుడులో బండి చక్కగా ఆగుటచే మనము మోసపోవుదుము. అందుచే పీడనము తగ్గగానే మ్రోగెడి గంటనో, వెలిగెడి ఎఱ్ఱదీపమునో పెట్టించుట బుద్ధిమంతుల పని. గోపురము కట్టబోవువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనను ఉపమానమును ఆదివారపు బడిలో విన్న పిల్లలు, ఇట్టి బండి లెక్క పుస్తకములో ఈ పంపు ధరను మొదటి వరుసలో వ్రాయుదురుగాక.

ఆపుట యను మాట వచ్చినది గనుక యంత్రమును ఆపుటనుగూర్చియు చెప్పవలెను. పెట్రోలు బండిలో తాళము త్రిప్పగా నిప్పురవ్వలు నిలిచి యంత్రము ఆగును. డీజిలునకు నూనె అందుచున్నంతసేపు అది తిరుగుచునే యుండును. నూనెను కట్టివేయు మీటగాని విద్యుత్తుతో మూసికొను కవాటముగాని నడపువాని చేతికి అందవలెను. అరిగిన యంత్రము ఒక్కొక్కప్పుడు తన అడుగుచట్టిలోని కందెననూనెనే పీల్చుకొని, గవర్నరు మాట వినక, విరిగిపోవువఱకు వేగము పెంచుకొనును. అప్పుడు నూనె కట్టినను లాభములేదు. గాలి ద్వారమును గట్టి పలకతో మూసిన గాని ఆగదు. చేతిని గాని గుడ్డను గాని అడ్డుపెట్టరాదు, లోనికి లాగివేయును.

చట్టము సంగతి కొంచెము. అమెరికాలో వాయుకాలుష్యమును అరికట్టు చట్టము 1970లో గట్టిపడినది మొదలు, పొలమునకో కర్మాగారమునకో అనుమతి పొందిన యంత్రము రోడ్డుబండికి అనుమతి పొందినట్లు కాదు. మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు దీనినే స్థిరపఱచినది. నమోదుపత్రములో యంత్రపు సంఖ్యయు, ఇంధనమును వ్రాయబడి యుండును. అవి మారిన బండికి ప్రమాదము జరిగినచో బీమా కంపెనీవారు మొదట చూచునది ఆ పత్రమునే. కావున కొందఱు ఇట్టి బండిని తమ తోటలోనే త్రిప్పుకొందురు. ఆ తోటలోను వాలు ఉండవచ్చును, అడ్డముగా పరుగెత్తెడి చిన్నపిల్లలు ఉండవచ్చును.

ఆ విద్యార్థికి మేము ఒక నోటుపుస్తకమిచ్చి, మరలను ముట్టకముందు లెక్కలు వ్రాసి తెమ్మంటిమి. వాడు వ్యాను బరువు 1,000 కిలోలు వేసికొని, 5 గుఱ్ఱముల ఆయిలింజనుతో చదునుపై సుమారు 50, ఇరువదింటికొకటి ఎక్కుడులో 18 కిలోమీటర్ల వేగమని తేల్చెను. దశమస్థానము ఒకచోట తప్పి మొదట 180 వచ్చినదట. మేనమామ మిక్కిలి సంతోషించెనట. మఱునాడు తానే దిద్దుకొనెను. ఆయిలింజను 1,500 చుట్లకు మించి తిరుగదనియు, దాని గుఱ్ఱమునకొక గుఱ్ఱపు బరువున్నదనియు వ్రాసెను. ఈ చమత్కారమునకు మేము గుణములు తగ్గింపలేదు. చివరి పుటలో "బ్రేకు డబ్బాకు శూన్యము ఎవరిత్తురు?" అని ప్రశ్న వ్రాసి, క్రింద జవాబునకు చోటు విడిచెను.

సెలవులు గడచినవి. వ్యానునకు పట్టణములో అదే రకపు పాత పెట్రోలు యంత్రము దొరకినదని మేనమామగారు వచ్చి చెప్పిరి. ఆయిలింజనును విద్యార్థులు విప్పి చూచుటకై మా పాఠశాలకు ఇచ్చెదమని తాతగారు కబురంపిరి. దానిని నూతిగట్టునుండి దింపుటకు ఎనమండుగురు కావలెను. వచ్చు శనివారము రాగలవారు తమ పేళ్లు ఆఫీసుగదిలో ఇయ్యవలెను.